బారాటాంగ్ బస్సు

బరంపురం మెడికల్ కాలేజీ ఎదుటి సందులో ఒక లేబొరేటరీ ఉంది. అందులో నేను టెక్నీషియన్ని. పొద్దున్నే నా బల్ల మీదికి చేరేవి మూత్రం సీసాలు, మలం డబ్బాలు, కఫం పట్టిన కప్పులు. వాటి మూతలు తీసి చూడటమే నా ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం అన్నం సరిగ్గా తినలేరు. నాకు ఆ బాధ ఎప్పుడూ లేదు. ఎండుచేపలు ఆరబోసిన ఇసుకలో ఆడుకుంటూ పెరిగినదాన్ని, వాసనలు నన్నేం చేస్తాయి? అందుకే అసహ్యం అన్నమాట నా నోటివెంట తొందరగా రాదు. అండమాన్ టూరు గురించి ఎవరైనా అడిగితే మాత్రం ముందు ఆ మాటే వస్తుంది.

మాది ఛత్రపురం పక్కన మార్కండి. మా అమ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఛత్రపురం సంతకీ, అక్కణ్ణుంచి బస్సెక్కి బరంపురానికీ తిరిగిన మనిషి. ఒడియా వాళ్ళ వీధుల్లో ‘సుకువా, సుకువా’ అని, తెలుగువాళ్ళ వీధుల్లో ‘ఎండుసేపలో’ అని కేకేసేది. బడా బజార్ వెనక షావుకార్ల ఇళ్ళున్న సందులో మాత్రం కేక వెయ్యకుండా, తట్ట మీద గోనె కప్పి, గబగబా నడిచిపోయేది. వాళ్ళూ తెలుగువాళ్ళే. తాతల కాలం నుంచి ఈ ఒడియా ఊళ్ళో ఉన్నవాళ్ళే. కానీ ఆ వాసన వాళ్ళ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగినా లోపల్నుంచి తిట్లు వినబడేవి. ఇప్పుడా వ్యాపారం మా తమ్ముడు వ్యాను పెట్టి చేస్తున్నాడు. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. నా దగ్గరే బరంపురంలో ఉంటుంది.

అండమాన్ చూడాలన్నది అమ్మ కోరికే. మా ఊరి మగవాళ్ళు చాలామంది ఆ దీవులకి బోట్ల మీద పనికి పోయి వచ్చినవాళ్ళు. మా నాన్న కూడా పెళ్ళైన కొత్తలో వెళ్ళాడట. అక్కడ సముద్రం అడుగు కనబడుతుందని, నిలువెత్తు నీళ్ళలో సూది పడినా ఏరుకోవచ్చని ఆయన చెబితే అమ్మ నమ్మలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. టీవీలో ఆ దీవులు కనబడినప్పుడల్లా, “నిజిమేటో అబద్దమేటో, ఓపాలి ఎల్లి సూడాలే” అనేది.

అమ్మకి హిందీ రాదు. నాకు పెద్దగా రాదు. బడా బజార్లో ఒకాయన ఆ దీవులు తిప్పే టూరు నడుపుతున్నాడని, తెలుగు మాట్లాడే గైడు, వంటవాడు వెంట వస్తారని తెలిసి మా ఇద్దరి పేర్లూ రాయించాను. శాకాహార భోజనం అని కాగితం మీద పెద్దక్షరాలతో ఉంది. వారం రోజులు చేప లేకపోతే చచ్చిపోతామా అనుకున్నాను. ఆ టూరులో మేం తప్ప మిగతావాళ్ళంతా ఆ షావుకార్ల సందులోవాళ్ళేనని బరంపురం స్టేషన్లో ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళేదాకా తెలియదు.

అమ్మకి వాళ్ళని చూడగానే మొహం వెలిగిపోయింది. భయపడుతుందేమో అనుకున్నాను కానీ, చిన్నపిల్లలా సంబరపడింది. జరీ అంచు చీరల మధ్యకి తన కొత్త చీర సర్దుకుంటూ వెళ్ళింది. పసుపు, మిర్చి హోల్‌సేల్ చేసే షావుకారు గారి భార్య వాళ్ళందరికీ పెద్దదిక్కులా ఉంది. ఆవిడ నవ్వుతూనే అడిగింది.

“ఏ వూరమ్మా మీది?”

“మార్కండమ్మా.”

“ఓ… సముద్రం ఒడ్డా?” అని ఆవిడ కొంగు కొద్దిగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అమ్మ దగ్గర సబ్బు వాసన, తలకి రాసిన కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ లేవు. ముక్కుకి తెలియకపోయినా ఆవిడ చేతికి తెలిసిపోయింది.

రైలెక్కాక టూరాయన మా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “మేడమ్, ఒక్క మాట. అక్కడ సేపలు సవగ్గా దొరుకుతాయి. బయటికెళ్ళి తిని మళ్ళీ బస్సెక్కితే మావాళ్ళకి ఇబ్బంది. మీకు తెలీందేటి” అన్నాడు. నేను మాట్లాడబోతుంటే అమ్మ నా చెయ్యి నొక్కి, “తినం బాబూ. ఈ వారం మేం కూడా మీలాగే” అంది. ఆ ‘మీలాగే’ అనడంలో ఎంత సంతోషముందో నాకు బాగా గుర్తుంది.

అమ్మ బయల్దేరేముందు రెండు రోజులు కూర్చుని కొబ్బరుండలు చేసింది. బెల్లం పాకం, కొబ్బరి, కొంచెం ఏలకులు. పెద్ద స్టీలు డబ్బా నిండా. నాకోసం కాదు, టూరులో అందరికీ పంచడానికి. రైలు దిగి, విమానమెక్కి చేరాక, పోర్ట్ బ్లెయర్ హోటల్లో మొదటి సాయంత్రం భోజనాల దగ్గర డబ్బా తీసుకుని బల్లబల్లకీ వెళ్ళింది. పసుపు షావుకారు భార్య, “నాకివాళ ఉపాసం తల్లీ” అంది, నోట్లో అప్పడం నలుగుతూనే ఉంది. పక్కావిడ షుగరు అంది. ఆ పక్కావిడ పళ్ళ నొప్పి అంది. మగవాళ్ళలో ఒకాయన చెయ్యి చాచబోతే ఆయన భార్య మోచేత్తో పొడిచింది. అమ్మ తిరిగి తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి డబ్బా మూత గట్టిగా నొక్కింది.

“అలిసిపోయి ఉన్నారు పాపం. రేపు తింటారు” అంది.

మర్నాడు కూడా తినలేదు. ఆ డబ్బా సంచిలో మోసుకుంటూ అమ్మ దీవులన్నీ తిరిగింది.

టూరంటే ఏమిటో అక్కడే చూశాను. సెల్యులార్ జైల్లో ఉరికంబం గదిలో తాళ్ళు వేలాడుతుంటాయి. మా గుంపులో మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ తాడు కింద మెడ పెట్టినట్టు నిలబడి, నాలుక బయటికి చాచి, కళ్ళు తేలేసి ఫోటోలు దిగారు. “అలాక్కాదు, తల వాల్చండి” అని పెళ్ళాలు చెబుతున్నారు. ఒకాయన గుట్కా నమిలి గోడ మూల ఉమ్మేశాడు. ఆ గోడల మధ్య చచ్చిపోయినవాళ్ళ గురించి గైడు చెప్పుకుపోతున్నాడు, వింటున్నదల్లా అమ్మ. ఆమె చేతులు జోడించుకుని ఉంది. బయటికొచ్చాక అందరూ ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి పరిగెత్తి, కాగితాలు మెట్ల మీదే వదిలేశారు.

హేవ్‌లాక్ దీవికి ఫెర్రీలో వెళ్ళేటప్పుడు సముద్రం కొంచెం ఊపింది. మాకది ఊపు కాదు. అమ్మ హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. అరగంటలో మా గుంపులో సగంమంది కవర్లలోకి తలలు దించేశారు. పసుపు షావుకారు భార్యకి కవరు అందే వ్యవధి కూడా లేకపోయింది. భర్త ముక్కు మూసుకుని లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. అమ్మ వెళ్ళి ఆవిడ నుదురు పట్టుకుంది. పొద్దుటి ఉప్మా అంతా అమ్మ ఒళ్ళో పడింది. అమ్మ తన కొంగుతోనే ఆవిడ మూతి తుడిచి, సంచిలోంచి ఉప్పు, నిమ్మకాయ తీసి నాకించి, “దూరంగా ఆ గీత కేసి సూడమ్మా, నీల్లకేసి సూడకు” అని వీపు నిమురుతూ కూర్చుంది. నేను నేల తుడిచాను. నా చేతులకి అలవాటే.

రేవులో దిగాక ఆవిడ మిగతా ఆడవాళ్ళతో అంటున్నది నా చెవిన పడింది. “సముద్రానికి కాదమ్మా, పక్కనెవరో వొచ్చి కూకున్నారు కదేటి, ఆ నీసు కంపుకి తిప్పీసింది.”

అమ్మ కూడా విన్నది. నేను ఆవిడ వైపు అడుగు వేశాను. అమ్మ నా సంచి పట్టుకుని లాగింది.

“ఊరుకోయే. ఒంట్లో బాగులేనప్పుడు మనిసి ఏదో అంటాది.”

“వాంతి నీ చీర మీద ఇంకా ఆరలేదే అమ్మా!”

“ఆరిపోతాది నీకెందుకు? ఉతుక్కుంటాను.”

అప్పటికే ఆ గుంపు మీద నాకు ఒళ్ళు గగుర్పొడిచేంత రోత పుట్టింది. వాళ్ళు తినే చప్పుడు, హోటల్ కుర్రాళ్ళని పిలిచే పిలుపు, బస్సు కిటికీలోంచి ఎంగిలి నీళ్ళు పుక్కిలించి ఉమ్మడం, ఏ ఒడ్డుకి వెళ్ళినా అక్కడ వదిలేసిన పేపరు ప్లేట్లు. ఒక్కోటీ నా కంటికి కనబడుతూనే ఉండేది. అమ్మకి కనబడేవి కావు. కనబడినా కావాలని చూసేది కాదు. బస్సులో ముందు సీట్లలో వాళ్ళు అంత్యాక్షరి పాడుతుంటే, చివరి సీట్లోంచి అమ్మ కూడా చప్పట్లు కొట్టేది.

నీల్ దీవిలో మాత్రం ఒక పూట బాగుంది. అడుగున అద్దం పెట్టిన పడవలో ఎక్కించారు. అమ్మ అద్దం కేసి చూడలేదు. పడవ అంచు మీంచి నేరుగా నీళ్ళలోకి వంగి చూసింది. కింద ఇసుక, పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు చేత్తో పట్టుకునేంత దగ్గరగా కనబడుతున్నాయి. చెయ్యి నీళ్ళలో ముంచి అలాగే ఉంచింది. తర్వాత, “మీ నాన్న అబద్దం ఆడనేదే” అంది. ఇంకొంచెంసేపు చూసి, “అన్నేల్లూ ఆ మనిసిని ఏలాకోలం సేసీసేను” అంది. ఆ పూట తిరిగి వచ్చేసి ఉంటే టూరు నాకు మంచి జ్ఞాపకంగానే మిగిలేది.

ఆ సాయంత్రం పోర్ట్ బ్లెయర్ తిరిగి వచ్చాక టూరాయన అందరినీ పోగేసి చెప్పాడు. “రేపు బారాటాంగ్. సున్నపురాయి గుహలు. దానికన్నా ముందు అడివి దారి. అదృష్టం బాగుంటే అడివి మనుసులు కనబడతారు. ఇది మన దేశంలో ఇంకెక్కడా సూడలేరు.” చివరి మాటలు అంటున్నప్పుడు గొంతు తగ్గించి కన్ను గీటాడు. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. బట్టలు వేసుకుంటారా అని ఒకరు, మనుషుల్ని తింటారా అని ఒకరు. పసుపు షావుకారు భార్య బిస్కట్ పాకెట్లు కొనిపించింది.

ఆ దారి జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. వాళ్ళ చోటు అది. మనం వాళ్ళ మధ్యకి దిగకూడదని, బండ్లన్నీ పోలీసు కాపలాతో వరసగా, ఆగకుండా సాగిపోవాలని నిబంధన. చెక్‌పోస్ట్ దగ్గర బోర్డుల మీద అన్ని భాషల్లో రాసి ఉంది: ఫోటోలు తియ్యరాదు, తిండి ఇవ్వరాదు. మా బస్సు డ్రైవరు అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్ళ తాత సోంపేట వైపు నుంచి వచ్చాడట. వరస కదిలేముందు వెనక్కి తిరిగి, చేతులు జోడించి చెప్పాడు.

“అమ్మా, బాబూ, అద్దాలు తియ్యొద్దు. ఫోన్లు లోపల పెట్టీండి. ఏదీ ఇసరొద్దు. మీరు రేపు ఎల్లిపోతారు, కేసు నా మీద పడతాది. నాకు పిల్లలున్నారు.”

“నువ్వు నడుపు నాయనా, మాకు తెలుసు” అన్నాడు టూరాయన. డ్రైవరు అటు తిరగ్గానే ముందు సీటువాళ్ళకి సైగ చేశాడు.

బస్సు అడవిలోకి దూరింది. ఆకాశం కనబడనంత చెట్లు. నాకు ఆ అడవిని చూస్తూ కూర్చుంటే చాలనిపించింది. కానీ బస్సంతా నందన్‌కానన్ జూలో పులుల బస్సెక్కినట్టు కిటికీలకి అతుక్కుపోయింది. “ఏవీ, ఏవీ?” అని అరుపులు. ‘ఏరీ’ అని కాదు. ‘ఏవీ’ అని. నా చెవికి తెలుగు అంత నీచంగా ఎప్పుడూ వినబడలేదు. “అదిగో ఒకటి!” అని ఒకాయన అరిచాడు. అది ఎండిన మొద్దు. అందరూ పడీపడీ నవ్వారు.

ఒక మలుపు దగ్గర ముందు బండ్లు నెమ్మదించాయి. మా బస్సు నడక వేగానికి వచ్చింది. రోడ్డు అంచున ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆడపిల్ల నిలబడి ఉన్నారు. పెద్దామె వీపుకి బుట్ట ఉంది. రోడ్డు దాటడానికి ఈ బండ్లన్నీ పోయేదాకా ఆగారు, అంతే. మా హుమ్మ దగ్గర హైవే పక్కన ఉప్పు పనికి పోయే ఆడవాళ్ళు లారీలు పోయేదాకా విసుగ్గా ఆగి ఉంటారే, అలాగే ఆగారు. పిల్లకి ఆరేడేళ్ళుంటాయేమో. తల్లి చేతి వేలు పట్టుకుని ఉంది.

బస్సులో గోల రేగింది. వాళ్ళు ఎడమవైపు ఉన్నారు. అమ్మ, నేను కుడివైపు చివర. పసుపు షావుకారు భార్య కిటికీ అద్దం సర్రున పక్కకి తోసి, వెనక్కి తిరిగి మా అమ్మని పిలిచింది.

“అప్పా, ఇటు రా! బేగి రా, ఇక్కడికి బాగా కనబడతన్నారు!”

అన్ని రోజుల్లో ఆవిడ అమ్మని అక్క వరస పెట్టి పిలవడం అదే మొదలు. పక్కకి జరిగి, చోటిచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఏమైపోయిందో, సంచితో సహా ఒక్క ఊపులో వెళ్ళిపోయింది.

“నీ దగ్గర ఆ ఉండలు ఉండాలి కదేటి? ఇసురప్పా, ఇసురు! ఆల్లు తింటారు!”

అందరూ “ఇసురు, ఇసురు” అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. అమ్మ డబ్బా మూత తీసింది. ఒక కొబ్బరుండ తీసి కిటికీలోంచి విసిరింది.

అది పిల్ల కాళ్ళ ముందు బురదలో పడింది. పిల్ల దానికేసి చూడలేదు. బస్సు కేసి, మా కిటికీ కేసి చూసింది. తల్లి పిల్లని వెనక్కి లాక్కుని తన ఒంటిచాటున పెట్టుకుంది. అమ్మ ఇంకోటి విసిరింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అమ్మ నవ్వు నాకు తెలియంది కాదు. ఇది అది కాదు. పక్కవాళ్ళు ఎలా నవ్వుతున్నారో చూసి నవ్వే నవ్వు. అప్పుడు పసుపు షావుకారు భార్య తన చెయ్యి మా అమ్మ డబ్బాలో పెట్టింది. ముట్టుకోవడానికి ఉపవాసాలు, షుగర్లు అడ్డం వచ్చిన ఆ ఉండల్ని గుప్పిట్లోకి తీసుకుని, గుడి దగ్గర కోతులకి వేసినట్టు విసిరింది.

“ఆపండి!” అని నేను అరిచాను. నా గొంతు నాకే వింతగా వినబడింది. “వాళ్ళు మనుషులండీ! అమ్మా, నువ్వు లేచి ఇటు రా!”

“మనుసులు గాబట్టే కదమ్మా తినడానికి పెడతన్నాం?” అంది ఆవిడ.

“మేడమ్, నలుగురితో వొచ్చినప్పుడు నలుగురి సరదా సూడాలి” అన్నాడు టూరాయన.

అమ్మ నాకేసి తిరగనే లేదు. డ్రైవరు బూతులు తిడుతూ హారను మీద చెయ్యి పెట్టాడు. ముందు బండి కదిలింది. బస్సు ఊపందుకుంది. మలుపు తిరిగేదాకా అందరూ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. తిన్నారా, తిన్నారా అని.

అన్నేళ్ళలో లేబొరేటరీలో ఏ డబ్బా మూత తీసినా నాకు కవరు అవసరం పడలేదు. అప్పుడు ఒకటి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వాంతి రాలేదు.

అడవి దాటాక రేవు దగ్గర బస్సు ఆగింది. పడవలో దాటితే బారాటాంగ్. రేవులో పోలీసులు ఉన్నారు. నేను వాళ్ళ దగ్గరికే నడిచాను. మధ్యలో డ్రైవరు ఎదురొచ్చాడు. అతని చేతిలో గుడ్డ. కిటికీ పట్టాలో ఇరుక్కున్న కొబ్బరి తురుము తుడుస్తున్నాడు.

“అక్కా, మీరు ఎటెల్తన్నారో నాకు తెలుసు” అన్నాడు. “మీరు సెప్పింది నాయమే. కానీ పోలీసోల్లు ఆల్లనేటీ సెయ్యరు. నా బండి లాగేత్తారు, నన్ను లోనేత్తారు.”

“మరి నువ్వు ఎందుకు నెమ్మదిగా నడిపావు?”

“నాను కాదక్కా, ముందు బండి. ఒట్టు.”

నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. పడవెక్కాను.

గుహల దగ్గర ఏం చూశానో గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చూసింది గుర్తుంది. అమ్మ వాళ్ళ మధ్యలో కూర్చుంది. పసుపు షావుకారు భార్య తన సీసాలోంచి ఆవకాయ తీసి అమ్మ విస్తట్లో వేసింది. “అప్పా, ఇంకాస్త ఏసుకో” అంటోంది. ఎవరికీ ఏ కంపూ రావడం లేదు. అమ్మ మొహంలో మా తమ్ముడు పుట్టినప్పటి వెలుగు. నన్ను చూసి, “రాయే, ఇక్కడ సోటుంది” అని పిలిచింది. నేను వెళ్ళలేదు. చెట్టు కింద నిలబడి నీళ్ళు తాగాను.

ఆ సాయంత్రం హోటల్ గదిలో తలుపు వేసీ వెయ్యగానే నేను మొదలెట్టాను.

“ఏం పని అది? కోతులా వాళ్ళు?”

అమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. “తినే వొస్తువే కదే ఇసిరేను, రాయి ఇసిరేనేటి?”

“అది తిండి పెట్టడం కాదమ్మా. వాళ్ళతో కలిసి నవ్వావు.”

“ఆ గుంట సెయ్యి సాపింది. నా కల్లతో నాను సూసేను. సెయ్యి సాపిన పిల్లకి పెట్టకపోతే పాపం.”

“చాపలేదు. భయపడి తల్లి చాటుకి పోయింది.”

“సాపింది.” అమ్మ గొంతు పెరిగింది. “నీకు అన్నీ అసయ్యమే. ఆల్లు తింటే అసయ్యం, ఆల్లు నవ్వితే అసయ్యం. ఆల్ల గుమ్మాల ముందునుంచి నాను ఎన్నేల్లు తట్ట దాసుకుని ఎల్లేనో నీకు తెలుసేటి? ఇయ్యాల పక్కన కూకోబెట్టుకుని ఆవకాయ ఏసేరు. అది నీకు సరిపడనేదు.”

“నిన్ను కూర్చోబెట్టుకుంది నీమీద ప్రేమతో కాదు.”

“ఎందుకయితేనేటి? కూకోబెట్టేరు కదా.”

అమ్మ నూనె చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. ఆ చేతుల్ని చూడలేక మొహం తిప్పుకున్నాను. చిన్నప్పుడు ఆ చేతులకి చేప పొలుసులు అంటుకుని మెరుస్తుంటే వాటిని నా బుగ్గలకి రాసుకునేదాన్ని. ఆ చేతుల మీద నాకు అసహ్యం కలుగుతుందని ఏనాడూ అనుకోలేదు. ఆ రాత్రి ఇద్దరం ఒకే మంచం మీద చెరో గోడవైపూ తిరిగి పడుకున్నాం.

బరంపురం తిరిగి వచ్చాక కొన్నాళ్ళు అమ్మకి ఫోన్లు వచ్చేవి. పసుపు షావుకారు భార్య నుంచే. అమ్మ ఫోను స్పీకర్లో పెట్టి, నాకు వినబడేలా మాట్లాడేది. ఒకసారి వాళ్ళింట్లో ఏదో వ్రతమని, పేరంటానికి రమ్మని పిలిచింది. అమ్మ బీరువాలోంచి బరంపురం పట్టుచీర తీసింది. తమ్ముడి పెళ్ళికి కొనుక్కున్న చీర, ఆ తర్వాత కట్టనే లేదు. ఆటో మాట్లాడి నేనే బడా బజార్ సందు మొదట్లో దింపాను. లోపలికి రానన్నాను. “నీ ఇట్టం” అని అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్ళింది. ఆ సందులో అమ్మ అంత నెమ్మదిగా నడవడం నేను చూడలేదు.

అనుకున్నదానికన్నా చాలా ముందే ఇంటికి వచ్చేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చీర మడత పెట్టి బీరువాలో పెట్టేసి, పాతచీరలో వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది.

“ఏమైంది?” అన్నాను.

“ఏటవనేదు.”

“ఏం పెట్టారు?”

“టీ ఇచ్చేరు. అందరికీ పెసాదం పల్లెంలో పెట్టేరు, నాకు పొట్లం కట్టి ఇచ్చేరు, ఇంటికాడ తినమని.” పొట్లం గట్టు మీద ఉంది. విప్పలేదు.

నేను కాళ్ళు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాను. అమ్మే చెప్పింది.

“ఆ దినం బస్సులో తీసేరు కదా, ఆ ఈడియో టీవీలో ఏసేరు. పేరంటాల్లంతా సూసేరు. ‘ఈవిడే, ఈవిడే ఇసిరింది’ అని నన్ను సూపించింది. అందరూ ఒకటే నవ్వు.”

“నువ్వు?”

“పెద్ద టీవీయే అది. గోడంత ఉంది. ఆ గుంట మొకం ఇంత పెద్దగా కనబడింది.” అమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. తర్వాత ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “నా కేసే సూత్తంది. సెయ్యి సాపనేదు.”

నేను ముందే చెప్పానని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

“ఆ ఈడియో తీసీమన్నాను ఆవిణ్ణి. ‘ఎందుకప్పా, ఎంత బాగా వొచ్చిందో, అందరికీ పంపీసేను’ అంది. అందరికీ పంపీసింది తీసీడానికి అవదేటే?”

“అవదమ్మా. ఆవిడ ఫోన్లోది తీసేసినా, మిగతావాళ్ళ దగ్గర ఉండిపోతుంది.”

అమ్మ తల ఊపింది. లేచి పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది. ఆ పొట్లం మూడో రోజు చీమలు పడితే నేనే బయట పారేశాను. ఆ తర్వాత కూడా ఫోను రెండు మూడుసార్లు మోగింది. అమ్మ ఎత్తలేదు. తర్వాత మోగడం మానేసింది.

పసుపు షావుకారు భార్యని ఆమధ్య ఒకసారి చూశాను. రక్తపరీక్షకి మా లేబొరేటరీకి వచ్చింది. నన్ను గుర్తుపట్టి, “మీ అమ్మ ఎలాగుంది? ఎంత సరదా మనిసో!” అంది. నేను గ్లవుజు వేసుకుని, దూది పెట్టి, సూది గుచ్చాను. ఆవిడ వెళ్ళాక బల్ల రెండుసార్లు తుడిచాను. ఆవిడ రక్తం అక్కడ పడలేదు.

అమ్మ మీద కోపం పోయింది. రోత మాత్రం పూర్తిగా పోయిందని చెప్పలేను. కిటికీ దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆ మొహం, అన్నం కలుపుతున్నప్పుడో, గుడికి వెళ్తున్నప్పుడో, ఏ కారణం లేకుండా కళ్ళ ముందుకు వచ్చేస్తుంది. అప్పుడు ఒక్క క్షణం అమ్మ చేతి ముద్ద మింగుడుపడదు.

మొన్న మార్కండి వెళ్ళాం. తమ్ముడింటి ముందు ఇసుకలో అమ్మ చుట్టూ ఆడవాళ్ళు చేరారు. వలలు బాగుచేస్తూ, అల్లం టీ తాగుతూ, అండమాన్ కబుర్లు చెప్పమన్నారు. అమ్మ అన్నీ చెప్పింది. విమానంలో చెవులు దిబ్బడ పడటం, జైలు గదులు, నాన్న చెప్పినట్టే సముద్రం అడుగు కనబడటం. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పింది. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. అప్పుడు మా పిన్ని అడిగింది.

“అక్కడ అడివి మనుసులు ఉంటారట కదప్పా? నువ్వు సూసేవేటి?”

అమ్మ నాకేసి చూడలేదు. టీ గ్లాసు ఇసుకలో పెట్టింది.

“నేదే. ఆ దారంట ఎల్లేం గానీ బస్సు బేగి ఎల్లిపోనాది. ఎవులూ కనబణ్ణేదు” అంది.

నేను గ్లాసులు కడగడానికి తీసుకుని లోపలికి వెళ్ళాను.